ముందు చక్రాల బ్రేకులు, మీ కానుకల లెక్క



సంఘం డబ్బు ఒక్క రూపాయి ఖర్చయినా దాని లెక్క సంఘానికి తెలియాలన్నది మా పట్టుదల. గోడకు సున్నం వేయిస్తే అందరికీ కనిపిస్తుంది. మైకు సెట్టు కొంటే అందరికీ వినిపిస్తుంది. కారు బ్రేకులకు పెట్టిన డబ్బు మాత్రం చక్రం వెనక దాక్కుంటుంది. పట్నాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ ఈ పేజీ చదువుతున్న మన పిల్లలు కూడా కానుకలు పంపారు కాబట్టి ఈ వారం దాని గురించే రాస్తున్నాం. ఏం చేయించామో, ఏది వద్దనుకున్నామో, ఎందుకో చెబుతాం. బండి నడిపేవారికి నాలుగు పనికొచ్చే మాటలు కూడా దొరుకుతాయి.

మన పరిచర్య బండి 2006 నాటి మారుతి ఆల్టో. పన్నెండు అంగుళాల చక్రాలు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. చేతులు మారి మన దగ్గరకు వచ్చింది. ఆదివారం పొద్దున కొండమీది కూడికకు వెళ్లేది అదే. అర్ధరాత్రి ఫోనొస్తే నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి దిగేదీ అదే. చింతపల్లి వైపు నుంచి లంబసింగి ఘాట్ దిగిన వారికి ఆ దారి సంగతి చెప్పక్కర్లేదు. ఒక మలుపు తిరిగేలోపు ఇంకో మలుపు వస్తుంది. చలికాలంలో మంచు కమ్మితే పది గజాల ముందు ఏముందో తెలియదు.

మొన్నటి వానాకాలంలో నొప్పులొస్తున్న ఒక చెల్లెమ్మను తీసుకుని రాత్రిపూట దిగుతున్నాం. బండిలో ఐదుగురం. సగం ఘాట్ దిగేసరికి కాలిన వాసన వచ్చింది. పెడల్ మెత్తబడి, దూదిలో కాలు పెట్టినట్టు లోపలికి పోయింది. రెండో గేరులోనే ఉన్నాం కాబట్టి బండి పరుగు తీయలేదు. పెడల్ పదే పదే కొడుతూ, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెం లాగుతూ, వెడల్పున్న చోట కొండవైపు ఆపాం. అరగంట ఆగాక పెడల్ మళ్లీ గట్టిపడింది. నెమ్మదిగా దిగాం. తల్లీ బిడ్డా క్షేమం. దేవునికి స్తోత్రం. కానీ ఆ అరగంటలో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్న వాళ్లత్త ముఖం మేము మరిచిపోలేం.

ఆ వారమే విషయం పెద్దల ముందు పెట్టాం. మీరందరూ స్పందించారు. మొత్తం 9,000 రూపాయలు వచ్చాయి. అందులో పసుపు అమ్ముకున్న డబ్బులోంచి ఒక మామ్మగారు ఇచ్చిన 200 ఉంది. ఆమె నోటు మా చేతిలో పెట్టి, "బాబూ, సోకులకి కాదు కదా? ఆగడానికే కదా?" అని అడిగింది. తర్వాత ఏ వస్తువు కొనాలన్నా ఆ ప్రశ్నే మాకు కొలబద్ద అయింది.

యవ్వనస్థుల్లో బండ్ల మీద మంచి పట్టున్న తమ్ముడు ఒక ఆలోచన చెప్పాడు. "అయ్యగారూ, పాత సామాను కొట్లో పెద్ద కారు డిస్కులు, క్యాలిపర్లు దొరుకుతాయి. అవి వేసేద్దాం. బ్రేకు రాయిలా ఉంటుంది" అన్నాడు. ఆలోచన తప్పేమీ కాదు. డిస్కు పెద్దదైతే ఎక్కువ వేడిని మోస్తుంది. పట్టు కూడా ఇరుసుకు దూరంగా పడుతుంది కాబట్టి అదే నొక్కుడుకు ఎక్కువ పని జరుగుతుంది. నర్సీపట్నంలో మనకు తెలిసిన మేస్త్రీగారి షెడ్డుకు ఆ మాటతోనే వెళ్లాం.

మేస్త్రీగారు నవ్వి, మూడు ప్రశ్నలు వేశారు. మొదటిది, పన్నెండు అంగుళాల రిమ్ములో పెద్ద క్యాలిపర్‌కి చోటెక్కడిది? రిమ్ములు మార్చాలి, అప్పుడు టైర్లూ మార్చాలి. 9,000 అక్కడే అయిపోతాయి. రెండోది, పెద్ద క్యాలిపర్ పిస్టన్ కదలడానికి ఎక్కువ ఆయిల్ కావాలి. మన చిన్న మాస్టర్ సిలిండర్ ఒక తొక్కుడుకు పంపేది ఇంతే. పెడల్ ఇంకా లోతుకు పోతుంది. మూడోది, ముందు పట్టు ఒక్కటే బాగా పెంచి వెనక అలాగే వదిలేస్తే లెక్క తప్పుతుంది. తడి రోడ్డు మీద ముందు చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగు తిప్పినా బండి తిరగదు, నేరుగా పోతుంది. ఘాట్ మలుపులో నేరుగా పోవడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

"ముందు ఉన్నదాన్ని విప్పి చూద్దాం పాస్టరుగారూ. కంపెనీవాడు ఇచ్చిన బ్రేకు పూర్తిగా పనిచేస్తే ఈ బండికి సరిపోతుంది. అది పూర్తిగా పనిచేస్తోందా అన్నదే సంగతి" అన్నారు.

జాకీ పెట్టి చక్రం తీశారు. ఎడమ వైపు లోపలి ప్యాడ్ దాదాపు ఇనుము దాకా అరిగిపోయింది. బయటి ప్యాడ్ సగానికి పైగా మిగిలి ఉంది. ఒకే చక్రం, ఒకే జత, ఒకేసారి వేసినవి. మరి ఈ తేడా ఎందుకు? ఈ బండి క్యాలిపర్‌లో పిస్టన్ ఒక వైపే ఉంటుంది. పెడల్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ను ఇవతలికి లాక్కొస్తుంది. రెండు వైపులా పట్టు పడాలంటే ఆ పిన్నులు జారాలి. మన బండిలో పిన్ను రబ్బరు చిరిగి, నీళ్లూ బురదా పోయి, తుప్పుపట్టి బిగుసుకుంది. పనంతా లోపలి ప్యాడ్ మీద పడింది. కాలు తీసినా అది డిస్కును వదలక రాసుకుంటూనే ఉంది. దిగువకు వచ్చేకొద్దీ ఆ చక్రం కాగింది.

మరి పెడల్ ఎందుకు మెత్తబడింది? బ్రేకు చేసే పనల్లా బండి వేగాన్ని వేడిగా మార్చడమే. మనుషులతో కలిపి సుమారు టన్ను బరువు కొండ మీంచి దిగుతుంటే ఆ శక్తి అంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఇంజను కొంత ఆపుతుంది, మిగతాది డిస్కుల్లో వేడవుతుంది. వేగం 40 నుంచి 60కి పెరిగితే ఒకటిన్నర రెట్లు అనుకుంటాం. కానీ ఆపడానికి బ్రేకు మింగాల్సిన శక్తి రెండుంబావు రెట్లు. ఆ వేడి ప్యాడ్ దాటి, పిస్టన్ దాటి, బ్రేక్ ఆయిల్‌ను చేరుతుంది. బ్రేక్ ఆయిల్‌కు గాల్లోని తేమను పీల్చే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక దానికి పెట్టిన కనీస హద్దు 140 డిగ్రీలే. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మనం తొక్కిన తొక్కుడంతా బుడగలను నలపడానికే పోతుంది, ప్యాడ్ దాకా చేరదు. చల్లారాక బుడగలు మళ్లీ ద్రవమవుతాయి, పెడల్ గట్టిపడుతుంది. ఆ రాత్రి జరిగింది అదే. మేస్త్రీగారు తీసిన ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్తది లేత తేనె రంగులో ఉంటుంది.

ఇక ఏమేం చేయించామో వినండి. ముందు డిస్కులు రెండూ కొత్తవి, 2,400. పాతవి లేత్ పట్టించి నున్నగా చేయించవచ్చు, చౌక కూడా. కానీ డిస్కు ఇంతకన్నా పలచబడకూడదన్న కొలత దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. మనవి అప్పటికే ఆ కొలత దగ్గరకు వచ్చాయి. పలచని డిస్కు త్వరగా కాగుతుంది. ముందు ప్యాడ్లు పేరున్న కంపెనీవి, రెండు చక్రాలకూ కలిపి 1,150. రేసు బండ్ల ప్యాడ్లు గురించి కూడా తమ్ముడు అడిగాడు. అవి బాగా వేడెక్కితేనే పట్టు చూపిస్తాయి. ఊళ్లో పొద్దున్నే చల్లటి బ్రేకుతో బయల్దేరగానే కుక్కో పిల్లాడో అడ్డం వస్తే మనకు మొదటి తొక్కుడులోనే పట్టు కావాలి. అందుకని వద్దనుకున్నాం. రంధ్రాలు పెట్టిన డిస్కులు కూడా వద్దనుకున్నాం. వాటి దగ్గర మామ్మగారి మాట గుర్తొచ్చింది.

ముందు రబ్బరు హోస్ పైపులు రెండు, 900. పాతబడిన రబ్బరు లోపల ఉబ్బితే ప్యాడ్లు వదలవు. పిన్నుల రబ్బర్లు, దానికి తగ్గ గ్రీజు, 300. డాట్ 4 ఆయిల్ లీటరు, 450. పాతదంతా తీసి, నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయించాం. వెనక బ్రేకు షూలు, 650. ముందు బ్రేకుల గురించి మొదలుపెట్టి వెనక ఎందుకంటారా? బ్రేకు తొక్కగానే బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు చక్రాలదే. అయినా వెనకవి తమ వంతు చేయకపోతే అది కూడా ముందు వాటి మీదే పడి, మళ్లీ వేడి. కూలి 1,500. అంతా కలిపి 7,350. మిగిలిన 1,650 ముందు టైర్ల కోసం పక్కన పెట్టాం. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపేది టైరు. గుండైన టైరుతో ఎంత మంచి బ్రేకైనా తడి రోడ్డు మీద జారుడే.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే ఘాట్ ఎక్కలేదు. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 20 దాకా, పూర్తిగా ఆపకుండా, మధ్య మధ్య చల్లారనిస్తూ పదిసార్లు తగ్గించాం. అలా చేస్తే ప్యాడ్ డిస్కుకు సమంగా అలవాటు పడుతుంది. పని చేయించక ముందు 40 వేగంలో బ్రేకు తొక్కితే ఆగడానికి మా అంగలతో 16 పట్టింది. ఇప్పుడు అదే చోట 12. నాలుగంగలు ఎంత దూరమో రోడ్డు దాటే పిల్లవాడి తల్లిని అడిగితే చెబుతుంది.

ప్రియులారా, ఆ బిగుసుకుపోయిన పిన్నును మేము ఇంటికి తెచ్చుకున్నాం. వేలెడు ఇనుప ముక్క. పెద్ద డిస్కు కోసం కొట్లు తిరగబోయిన మాకు అడ్డుపడింది అదే. సంఘంలో కూడా ఇలాగే జరుగుతుంది. బలం తక్కువైందనుకుని ఇంకా పెద్దది, ఇంకా కొత్తది కావాలంటాం. ఉన్నవారిలో కొందరు జారవలసిన చోట జారక, వంగవలసిన చోట వంగక బిగుసుకుపోతే భారమంతా అవతలి వారి మీద పడుతుంది. ప్రతి ఆదివారం ఊడ్చేది ఆ ఇద్దరమ్మలే, రోగి దగ్గర రాత్రి కాపలా కాసేది ఆ ఇద్దరు తమ్ముళ్లే. వాళ్లు లోపలి ప్యాడ్‌లా అరిగిపోతుంటే బయటికి కనిపించదు. బయటినుంచి చూస్తే ప్యాడ్ బాగానే ఉంది. చక్రం తీసి చూసినప్పుడే తెలుస్తుంది. ఎవరు అరిగిపోతున్నారో మన ఇంట్లో, మన కూడికలో ఒకసారి చూసుకుందాం.

ఆటోలు, జీపులు, కార్లు నడిపే మన సహోదరులకు మూడు మాటలు. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. పెట్రోలు మిగులుతుందని ఘాట్‌లో ఇంజను ఆపకండి. కార్లలో బూస్టరుకు బలం ఇంజను నుంచే వస్తుంది. ఇంజను ఆగాక ఒకటి రెండు తొక్కుళ్లకే పెడల్ రాయి అయిపోతుంది. మూడోది, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్పించండి. లీటరు ఆయిల్ ఖర్చు మన ఊరి నుంచి విశాఖ కేజీహెచ్‌కి బండి కట్టించుకునే ఖర్చులో ఏ మూలకీ రాదు.

బిల్లులన్నీ సంఘ కార్యదర్శిగారి దగ్గర ఉన్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా చూడవచ్చు. పాత ప్యాడ్లు రెండూ, ఆ పిన్నూ అదే బల్ల మీద పెడతాం. పిల్లలు ముట్టుకుని చూడనివ్వండి. మామ్మగారికి మాత్రం మేమే కొండెక్కి చెప్పి వచ్చాం. "ఆగుతుందా బాబూ?" అంది. ఆగుతుందన్నాం. "అయితే ఈసారి నన్నూ కూడికకి తీసుకెళ్లు" అంది. వచ్చే ఆదివారం ముందు సీటు ఆమెది.

ప్రభువు మీ రాకపోకలన్నిటినీ కాపాడును గాక.