లాంతరు చిమ్నీల ఊళ్లో...

పొద్దుగూకే వేళకి లాంతరు చిమ్నీ తుడవడం ఒకప్పుడు ఇంట్లో చిన్నవాళ్ల పని. పెద్దవాళ్ల చెయ్యి అందులో పట్టదు మరి! పొయ్యిలోని మెత్తటి బూడిద, ఓ పాతగుడ్డ... మసి వదిలి గాజు తళతళలాడాలి. చెయ్యి జారి పగిలిందా, వీపు విమానం మోతే. మళ్లీ సంతరోజు దాకా బుడ్డిదీపమే గతి. తుడిచిన చేతులే ఆ తర్వాత ఆ వెలుగులో పలక పట్టేవి. మీ ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో కదిపి చూడండి, ఇలాంటి కథ ఒక్కటైనా చెబుతారు.

అలాంటి చిమ్నీలకు పేరుపడ్డ ఊరు ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్. తాజ్‌మహల్ చూడ్డానికి ఆగ్రా వెళ్లేవాళ్లు తూర్పుగా ఇంకో 40 కిలోమీటర్లు వెళ్తే చాలు. చిమ్నీలు, గ్లాసులు, సీసాలు, షాండ్లియర్లు... అన్నిటికీ మించి గాజులు. తెలుగులో చేతికి వేసుకునేదీ గాజే, దాన్ని చేసేదీ గాజుతోనే. ఈ ఊరు చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

ఇసుక, సోడాయాష్, సున్నపురాయి కలిపి కొలిమిలో కరిగిస్తారు. తేనెపాకంలా సాగే ఎర్రటి ముద్దను తిరిగే కడ్డీకి చుడితే స్ప్రింగులా వస్తుంది. దాన్ని నిలువునా కోస్తే విడివిడి చుట్లు. ఒక్కో చుట్టు కొసలు రెండూ మంటమీద అతికిస్తేనే అది గాజవుతుంది. ఈ అతికే పని ఎక్కువగా ఇరుకు సందుల్లోని ఇళ్లలోనే జరుగుతుంది.

ఒకప్పుడు ఇక్కడి కొలుములు బొగ్గుతో మండేవి. ఆ ప్రాంతపు పరిశ్రమల పొగ తాజ్‌మహల్ పాలరాతిని పాడుచేస్తోందన్న కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పిచ్చింది. బొగ్గు మాని సహజవాయువుకు మారాలి, లేదంటే వేరేచోటుకు తరలిపోవాలి అంది. ఫిరోజాబాద్ గ్యాస్‌కు మారింది. తాజ్‌కు కాస్త ఊరట దొరికింది.

మరి ఇళ్లలోని మంటల ముందు కూర్చునేవాళ్లకో? హైదరాబాద్‌లో పెరిగిన రచయిత్రి అనీస్ జంగ్ ఈ ఊరి పిల్లల గురించి రాశారు. పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిషు పుస్తకంలో అది పాఠం కూడా. తాతల నాటి గాజుల పని వద్దు, మోటారు మెకానిక్‌నవుతానని కలగనే పిల్లాడు అందులో కనిపిస్తాడు. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. బడి అయ్యాక ఇంటివాళ్లకు సాయపడొచ్చు గానీ అది ప్రమాదకరమైన పని కాకూడదు. కానీ నాలుగ్గోడల మధ్య మంట దగ్గర ఎవరు కూర్చున్నారో వెళ్లి చూసేదెవరు?

ఈసారి డజను మట్టిగాజులు కొన్నప్పుడు ఒక్కోదాన్నీ వేలితో నెమ్మదిగా తడిమి చూడండి. ఒకచోట సన్నటి అతుకు తగులుతుంది. అది ఎవరో మంటముందు కూర్చుని వేసిందే.