అద్దం ముందు ఇద్దరు

ఏ స్కానింగ్ సెంటరుకి వెళ్ళినా రిసెప్షన్ వెనక గోడమీద ఆ బోర్డు ఉంటుంది. ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు, అది చట్టరీత్యా నేరం అని. మా అక్క కడుపుతో ఉన్నప్పుడు తోడు వెళ్ళి, ఆ బోర్డుకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో గంటన్నర కూర్చున్నాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. 1994లో చట్టం వచ్చిన దగ్గర్నుంచి పైకి అడగకూడని ఆ ప్రశ్న హాల్లో అందరి మొహాల్లోనూ ఉంది. టోకెన్ నంబరు పిలవగానే కోడలికన్నా ముందు లేచే అత్తగార్ల నడకలో మరీ ఉంది.

అయిదేళ్ళ తర్వాత, అంటే 2009లో, అమీర్‌పేటలో ముగ్గురం కలిసి ఉన్న గదిలో, ఒక రాత్రి అదే ప్రశ్న నన్నే అడిగారు. 'ఫాలౌట్ 3' అనే ఆట అలాగే మొదలవుతుంది. అణుయుద్ధంలో అమెరికా బూడిదై 181 ఏళ్ళయింది. వాషింగ్టన్ శిథిలాల్లో ఎక్కడో ఒక కాన్పు జరుగుతోంది. తెరంతా మసక. మన మీదికి వంగిన మనిషి, మన నాన్న, ఆడపిల్లా మగపిల్లాడా అని ఆరా తీస్తాడు. ఆ గొంతు హాలీవుడ్ నటుడు లియమ్ నీసన్‌ది. జవాబు చెప్పాల్సింది మాత్రం డాక్టరు కాదు, అప్పుడే పుట్టిన మనం. మనం ఏదో ఒకటి నొక్కాక పేరు అడుగుతాడు, పెద్దయ్యాక ఎలా ఉంటామో ఒక యంత్రంలో చూపిస్తాడు. ఈలోపే అమ్మ చచ్చిపోతుంది.

నేను ఆడపిల్ల అని నొక్కాను.

ఆ డిస్కు మా దగ్గరికి రావడమే ఒక కథ. 2008లో ఆట విడుదలయ్యే ముందు, ఎక్స్‌బాక్స్ 360లో దాన్ని ఇండియాలో అమ్మబోవడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇక్కడి సాంస్కృతిక సున్నితత్వాల దృష్ట్యా అంది తప్ప అవేమిటో విడమర్చలేదు. రేడియేషన్‌కి రెండు తలలు మొలిచిన ఆవుల్ని ఆ ఆటలో 'బ్రామిన్' అంటారు. కారణం అదేనని అందరూ అనుకున్నారు. మా పెదనాన్నగారబ్బాయి డాలస్ నుంచి వస్తూ కంప్యూటరు డిస్కు ఒకటి సూట్‌కేసులో చొక్కాల మధ్య పెట్టుకొచ్చాడు, బాదంపప్పు పొట్లాలతో పాటు.

"ఇదేటిరా, ఆడపిల్లని పెట్టుకున్నావు?" అన్నాడు మా శ్రీకాకుళం రూమ్మేటు, వెనకనుంచి.

ఆటలాడే మగవాళ్ళ దగ్గర దీనికి రెడీమేడ్ జవాబు ఒకటుంది. అరవై డెబ్భై గంటలు ఆ వీపే చూస్తూ కూర్చోవాలి కదా, అదేదో చూడ్డానికి బాగుంటే పోలా అని. నేనూ అదే అన్నాను. పది నిమిషాల్లో దొరికిపోయాను. ఆ ఆటలో వీపు కనబడదు. మీట నొక్కి మార్చుకుంటే తప్ప లోకాన్ని మన కళ్ళతోనే చూస్తాం. కనబడేవి రెండు చేతులు, ఒక తుపాకి, ఎడమ మణికట్టుకి పెద్ద వాచీలాంటి పిప్‌బాయ్. ముక్కు సన్నం చేసి, దవడ తగ్గించి, కనుబొమలు దిద్ది ముప్పావుగంట తయారుచేసిన మొహాన్ని ఆ తర్వాత నేను చూసుకున్నది లేదు. అసలు సంగతేమిటంటే, మాంద్యం రోజులవి. ఏడాదిగా ఇంటర్వ్యూలకి తిరుగుతూ, నా గురించి నేను చెప్పుకుని చెప్పుకుని విసిగిపోయి ఉన్నాను. రాత్రిపూట నాలుగు గంటలు ఇంకెవరో అయితే బాగుండుననిపించింది.

పక్క గదిలో తెనాలి కుర్రాడొకడు ఉండేవాడు. వాడు నన్ను 'స్థానం వారూ' అని పిలవడం మొదలెట్టాడు. స్థానం నరసింహారావు సత్యభామ వేషం వాళ్ళ తాతగారు తెనాలిలో చూశారట. ఆడవేషాలకి పేరుబడ్డ ఆయనకి 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. అటు కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ జడ ముందుకేసుకుని వస్తే సత్యభామే వచ్చిందనుకునేవారు. పోలిక నాకు బాగానే ఉంది గాని, ఒక్క ఇబ్బంది. ఆ మహానుభావులు నడక నేర్చుకున్నారు, చూపు నేర్చుకున్నారు, గొంతు నేర్చుకున్నారు. నేను కీబోర్డు మీద డబ్ల్యూ నొక్కుతున్నాను.

ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా వింతగా తోచింది మర్నాడు పొద్దున జరిగింది. టీ తాగుతూ రాత్రి ఆట సంగతులు చెబుతున్నాను. సబ్‌వేలోకి దిగాను, పిశాచాల్లాంటి మనుషులు మీదపడ్డారు, తూటాలైపోయాయి, చచ్చాను. అంతా చెప్పాక చూసుకుంటే, నేను ఆడో మగో ఎక్కడా చెప్పనే లేదు. అక్కర్లేకపోయింది. తెలుగులో 'నేను వచ్చాను'కి లింగం లేదు. 'నువ్వు వచ్చావు'కీ లేదు. మా మూడో రూమ్మేటు పాతబస్తీ వాడు. ఆ వారం వాడు కూడా ఆడి, వాడి హిందీలో చెప్పబోయి, "మై మర్... గయీ" అని నాలిక్కరుచుకున్నాడు. మేం ఒక వారం నవ్వాం. హిందీలో నోరు తెరిస్తే ఏదో ఒక గట్టున నిలబడాలి. మనకి ఆ బాధ లేదు. నేనంటే నేనే.

అయితే మూడో మనిషి దగ్గరికొచ్చేసరికి మన భాష తక్కువేం తినలేదు. వాడు వచ్చాడు. అది వచ్చింది. ఆడమనిషి, ఆవు, అణుబాంబు, అన్నీ ఏకవచనంలో 'వచ్చింది'లోకే వస్తాయి. పదిమంది కలిస్తే మాత్రం ఆడవాళ్ళకి మనుషుల్లో చోటిచ్చి 'వచ్చారు' అంటాం. శ్రీకాకుళం వాడు రోజూ పొద్దున్నే "రాత్రి ఎంతదాకా వెళ్ళిందిరా?" అని అడిగేవాడు. ఆట ఎంతదాకా వెళ్ళిందన్నాడో, ఆ పిల్ల ఎంతదాకా వెళ్ళిందన్నాడో ఎప్పుడూ తెలిసేది కాదు.

ఆటలోనూ అచ్చం ఇంతే. చేతులూ తుపాకీ మాత్రమే కనబడే 'నేను'కి లింగం తెలీదు. బలం, చూపు, ఓర్పు, ఆకర్షణ, తెలివి, చురుకు, అదృష్టం అని ఏడు లెక్కలుంటాయి 'ఫాలౌట్'లో. ఎవరైనా అవే అంకెలు పంచుకోవాలి. (ఇది గొప్పే. కాగితాల మీద పాచికలతో ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వాళ్ళ 1978 నాటి పుస్తకంలో ఆడ పాత్రల బలానికి ఇంతకు మించరాదని హద్దు గీశారు. డ్రాగన్ నిప్పులు కక్కడం మీద మాత్రం ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.) లింగం బయటపడేది ఎదుటివాడు నోరు విప్పినప్పుడే.

'ఫాలౌట్: న్యూ వేగాస్' 2010లో వచ్చింది. అందులో మనం ఉత్తరాలు, పొట్లాలు చేరవేసే కొరియర్. ఎవడో తలలో కాల్చి పాతిపెడితే, బతికి, ఎడారి పల్లెలో ఒక ముసలి డాక్టరు మంచం మీద కళ్ళు తెరుస్తాం. ఆయన మొహానికి కుట్లువేసి, చేతికి అద్దంలాంటిదిచ్చి, నీ మొహం సరిగ్గా అతికానా లేదా చూసుకో అన్నట్టు అడుగుతాడు. మనం ఆడో మగో అక్కడే తేలుతుంది. ఆ తర్వాత నెవాడా ఎడారిలో మనకి తగిలే సైన్యం ఒకటుంది, సీజర్స్ లీజియన్. పూర్వపు రోమన్ల వేషం, ఎర్ర లుంగీలాంటి గుడ్డలు, చేతిలో కత్తి. ఎదిరించిన వాణ్ణి శిలువ వేస్తారు. వాళ్ళ రాజ్యంలో ఆడవాళ్ళు బానిసలు, పిల్లల్ని కనడానికీ బరువులు మోయడానికీ.

నేను మొదట మగవాడిగా ఆడాను. వాళ్ళ కోటకి పడవలో వెళ్ళి, ఆయుధాలు అప్పగించి, డేరాల మధ్య నడిచి సీజర్ గుడారానికి చేరాను. ఆయన బాగా చదువుకున్నవాడు, హెగెల్ గురించి ఉపన్యాసమిస్తాడు. మీదు మిక్కిలి మర్యాదస్తుడిలా కనిపించాడు. రెండోసారి ఆడమనిషిగా అదే పడవ ఎక్కాను. అవే డేరాలు, అదే దారి, అవే అడుగులు. ఈసారి సైనికులు నోటికొచ్చింది అంటున్నారు. బరువు మోస్తూ పోతున్న ఆడవాళ్ళు మొదటిసారి కూడా అక్కడే ఉన్నారు. అప్పుడు వాళ్ళని చూసినట్టే గుర్తులేదు నాకు. ఇప్పుడు ఒక్కొక్కరి వీపు మీద మూటా కనబడుతోంది. ఆట మారలేదు, ఒక్క గీత మారలేదు. సీజర్ మాత్రం ఈసారి కూడా పని అప్పగించాడు. అవసరం పడితే కట్టుబాట్లు సర్దుకుంటాయని ఆ పెద్దమనిషికీ తెలుసు.

వేటు కొంచెం గట్టిగా పడటానికి, మాటల్లో కొత్త దారి తెరుచుకోవడానికి 'పెర్క్' అని ఇస్తారు ఈ ఆటల్లో. మగవాళ్ళని మాటల్లో పెట్టి, వాళ్ళ మీద పది శాతం ఎక్కువ దెబ్బ వేసే ఆడదాని పెర్క్ పేరు 'బ్లాక్ విడో', జతగాణ్ణి తినేసే నల్ల సాలీడు. మగవాడికి సరిగ్గా అదే పెర్క్, అదే పది శాతం. పేరు 'లేడీ కిల్లర్'. ఒకరికి పురుగు పేరు, ఇంకొకరికి బిరుదు. మొదట్లో మన తలలో కాల్చిన ఆ బెన్నీ అనేవాణ్ణి కాసినోలో కలుసుకుని, ఆ సాలీడు పెర్క్‌తో నవ్వుతూ గదికి తీసుకెళ్ళి, వాడు నిద్రపోయాక లెక్క తేల్చవచ్చు. తేల్చాను.

అన్నీ ఇలాగే ఉండవు. 1998 నాటి 'ఫాలౌట్ 2'లో మోడాక్ అనే ఊళ్ళో గ్రిషమ్ అని ఒక కసాయి ఉన్నాడు. వాడికి ఒక కొడుకు, ఒక కూతురు. వాళ్ళలో ఎవరితోనైనా రాత్రి గడిపి దొరికిపోతే, తుపాకి గురిపెట్టి అప్పటికప్పుడు పెళ్ళి చేసేస్తాడు. మనం ఆడా మగా అని చూడడు. ఆడదానివై కూతురితో దొరికినా పెళ్ళే, మగవాడివై కొడుకుతో దొరికినా పెళ్ళే. లోకంలో మొదటిసారి ఇలాంటి పెళ్ళికి నెదర్లాండ్స్ చట్టం ఒప్పుకున్నది 2001లో. అంతకు మూడేళ్ళ ముందే ఒక కసాయి పరువు కోసం ఒప్పేసుకున్నాడు. కట్టుకున్నవాళ్ళు ఆ తర్వాత ఎందుకూ కొరగాక మన వెనకే తిరుగుతారు, అది వేరే సంగతి.

ఎంచుకునే అవకాశమే ఇవ్వని ఆట కూడా ఉంది. 'రస్ట్'లో ఒంటిమీద నూలుపోగు లేకుండా, చేతిలో రాయితో కళ్ళు తెరుస్తాం. 2016లో దాన్ని తయారుచేసిన వాళ్ళు ఆటగాడి ఖాతా నంబరును బట్టి ఆడో మగో శాశ్వతంగా నిర్ణయించేశారు. చాలామంది మగవాళ్ళు ఒకనాడు లాగిన్ అయ్యేసరికి ఆడవాళ్ళయిపోయారు. గోల గోల. పుట్టకముందు అడగనివ్వరు, పుట్టాక మార్చుకోనివ్వరు. మన స్కానింగ్ సెంటరు బోర్డుకి తగ్గ ఆట అంటే అదే.

పోయిన దసరాకి మా మేనకోడలు విజయవాడ వచ్చింది. ఆ బోర్డుకి ఎదురుగా నన్ను గంటన్నర కూర్చోబెట్టిన పిల్లే. ఇప్పుడు బీటెక్ మూడో ఏడు. నా కంప్యూటరులో 'ఫాలౌట్ 4' చూసి ఆడతానంది. ఈ 2015 ఆట అద్దం ముందు మొదలవుతుంది. 2077 అక్టోబరు 23 పొద్దున, బోస్టన్ దగ్గర ఒక ఇంట్లో, బాత్రూం అద్దం ముందు భార్యాభర్తలు నిలబడి ఉంటారు. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చాడు, ఆవిడ లా చదివింది. అద్దంలో ఎవర్ని ముందుకి తెచ్చుకుంటే వాళ్ళం మనం. ఇద్దరి మొహాలూ మనమే దిద్దుకోవచ్చు. దీనికి ముందు యుద్ధం గురించి ఒక ఉపోద్ఘాతం ఉంటుంది. అది మాత్రం మనం ఎవరైనా సరే భర్త గొంతే చెబుతుంది.

"ఆయన్నే తీసుకుంటా మావయ్యా. లాయరుకి తుపాకి ఏం తెలుస్తుంది? అయినా రోజూ అమ్మాయిగానే కదా ఉంటున్నా" అంది. ఇరవై నిమిషాలు కూర్చుని భార్య మొహం దిద్దింది, భర్తని ఉన్నవాణ్ణి ఉన్నట్టు వదిలేసింది. కళ్ళు కొంచెం పెద్దవి చేసింది, పెదవి పక్కన చిన్న మచ్చ పెట్టింది. వాళ్ళ అమ్మకి ఉన్నచోటే.

నేనేం మాట్లాడలేదు. తర్వాత ఏం జరుగుతుందో నాకు తెలుసు. బాంబు పడుతుంది, పరిగెత్తి భూగర్భంలోని వాల్ట్ 111కి చేరతారు, గాజు తలుపున్న గూళ్ళలో నిలబెట్టి మంచులో గడ్డకట్టిస్తారు. మధ్యలో ఒకసారి మెలకువ వస్తుంది. ఎదురు గూట్లో మన పసివాడు. మనం ఎవరమైనా సరే, బిడ్డ ఎప్పుడూ రెండోవాళ్ళ చేతుల్లోనే ఉంటాడు. ఎవరో వచ్చి బిడ్డని లాక్కుంటారు, వదలనన్నవాళ్ళని కాల్చేస్తారు. మన తలుపు తెరుచుకోదు.

మౌస్ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది పిల్లకి.

"ముందే చెప్పచ్చు కదా మావయ్యా" అంది కాసేపటికి.

అబ్బాయా అమ్మాయా అని అడిగినట్టే అడిగి, ఇద్దర్లో ఎవరు చావాలో చెప్పించుకున్నారు దాని చేత. నా ఆట తెరిచి చూపించాను. అందులో ఆవిడే నేను. డెబ్భై గంటలుగా భుజాన రాకెట్ లాంచరుతో బోస్టన్ అంతా తిరుగుతోంది. పిల్ల దాన్ని ఒకటే చూసింది. "బతికుంటే ఇలా ఉండేదా" అని, మళ్ళీ తన ఆటలోకి వెళ్ళి ఆ గూడు తెరిచి, భార్య వేలికున్న ఉంగరం తీసుకుంది. దాంతో ఏ పనీ జరగదు, అమ్మితే సీసా మూతలొస్తాయేమో. ఆ లోకంలో డబ్బులంటే అవే. అమ్మలేదు.

రాత్రి భోజనాల దగ్గర మా అమ్మ మజ్జిగ వంచుతూ, "పొద్దున్నుంచీ ఆ గదిలో ఏం వెలగబెడుతున్నారే ఇద్దరూ?" అంది.

"బాబుని వెతుకుతున్నానమ్మమ్మా. ఎవరో ఎత్తుకుపోయారు" అంది ఇది, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. "మా ఆవిడ ఫ్రిజ్‌లో ఉండిపోయింది."

మజ్జిగ గిన్నె అలాగే గాల్లో ఆగింది.

"మీ ఆవిడేమిటే?"