పాత ఇంటికి వెచ్చదనం

మన పిల్లలు, తోబుట్టువులు ఎందరో చలిదేశాలలో స్థిరపడి, అక్కడి పాత ఇళ్ళు కొనుక్కుంటున్నారు. మనకు ఫ్యాను ఎలాగో వారికి ఇల్లు వెచ్చబెట్టే ఏర్పాటు అలాంటిది.

ఇంగ్లండులోని లీడ్సులో మా చెల్లెలి ఇల్లు నూరేండ్లు దాటిన ఇటుక కట్టడం. పోయిన చలికాలం నేనక్కడ ఉండగా, పాత గ్యాసు బాయిలరు మార్చాలన్న మాట వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక బావగారూ నేనూ కాగితం ముందు పెట్టుకొని లెక్క వేశాము.

కరెంటు హీటరు చవకగా దొరుకుతుంది; కాని ఒక యూనిటు కరెంటుకు ఒక యూనిటు వేడే ఇస్తుంది. అక్కడ కరెంటు ధర గ్యాసుకు సుమారు నాలుగింతలు. కొత్త గ్యాసు బాయిలరైతే కాల్చిన గ్యాసులో దాదాపు 90 శాతం వేడిని నీళ్ళకెక్కించి, గోడలకు బిగించిన రేడియేటర్లకు పంపుతుంది. మూడవది హీట్ పంపు. ఇది మన ఏ.సి.ని తిప్పిపెట్టినట్టు, బయటి చలిగాలిలో ఉన్న వేడినే లోపలికి తెస్తుంది. ఒక యూనిటు కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. కాబట్టి నెలసరి ఖర్చు గ్యాసుకు దగ్గరగానే ఉంటుంది. పెట్టుబడి మాత్రం చాలా ఎక్కువ. ఇంగ్లండు, వేల్సులలో 2023 అక్టోబరులో ప్రభుత్వ సహాయాన్ని 7,500 పౌండ్లకు పెంచారు.

మేము లెక్కలలో ఉండగా, చెల్లెలి అత్తగారు గదిలో కోటు తొడుక్కొనే కూర్చున్నారు. డెబ్బది నాలుగేండ్ల మనిషి. "నాకేం చలి లేదు నాయనా" అన్నారు. కొడుకుకు బిల్లు పెరుగుతుందని ఆమె దిగులు. ఇంటిలోపల కనీసం 18 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఆమె గదిలో 15 మాత్రమే ఉంది. బాయిలరు పనిచేస్తూనే ఉంది. వేడి నిలవడం లేదు!

మరునాడు అటక ఎక్కి చూస్తే, 270 మిల్లీమీటర్ల మందం ఉండవలసిన ఉన్నిపరుపు అందులో సగం కూడా లేదు. ముందు అది పరిపించాము. తలుపుల, కిటికీల సందులు మూయించాము. గాలి ఆడేందుకు గోడలో పెట్టిన రంధ్రాలను మాత్రం ముట్టుకోలేదు. గ్యాసు మండే ఇంట్లో వాటిని మూస్తే విషవాయువు ప్రాణం తీయగలదు. వారంలో ఆమె గది 18కి వచ్చింది.

హీట్ పంపులో నీళ్ళు బాయిలరులో కాగినంతగా కాగవు. వేడి కారిపోయే ఇంట్లో, చిన్న రేడియేటర్లతో అది చాలదు. అందుకే పాత బాయిలరును బాగుచేయించి ఈ ఏడు నడిపి, రెండు గదుల రేడియేటర్లు పెద్దవి వేయించాక హీట్ పంపు పెట్టుకోవాలని నిర్ణయించుకున్నారు.

ఇలాంటి పని తలపెట్టిన మీవారికి ఒక్క మాట చెప్పండి: యంత్రాల ధరలు అడిగే ముందు, ఇంట్లో అన్నిటికంటే చల్లని గది ఏదో, అందులో ఎవరు పడుకుంటున్నారో చూసుకొమ్మనండి. ఖర్చు అక్కడినుండే మొదలుపెట్టాలి.