మడత పెట్టిన మాట

"కాస్త డిప్లమాటిక్‌గా చెప్పకూడదుటే?" అనడం మన ఇళ్ళల్లో ఎంత మామూలైపోయిందో గమనించారా? ఇంగ్లీషువాళ్ళు 'డిప్లొమాటికల్లీ' అంటే, మనం దాని తోక కత్తిరించి మన 'గా' అతికించుకున్నాం. మనకి మాటలు లేకనా? నేర్పుగా, ఒడుపుగా, లౌక్యంగా... బోలెడున్నాయి. కాకపోతే 'లౌక్యంగా' అంటే కాస్త స్వార్థం వాసనేస్తుంది. అదే పని 'డిప్లమాటిక్‌గా' చేశామంటే మర్యాదగా వినిపిస్తుంది!

నిఘంటువు తీస్తే మొదట రెండర్థాలు కనిపిస్తాయి. దేశాల తగాదాని రాయబారుల ద్వారా తీర్చుకోవడం ఒకటి. ఎదుటివారి మనసు నొప్పించకుండా చేదు సంగతి చెప్పడం రెండోది. మన వంటింటిదాకా వచ్చింది ఈ రెండోదే.

దీని మూలం గ్రీకులో ఉంది. 'డిప్లొమా' అంటే రెండుగా మడిచిన పత్రం. అలాంటి అధికార పత్రాలు పట్టుకెళ్ళే వ్యవహారం కాబట్టే రాయబారానికి ఆ పేరొచ్చింది. 1681లో మబియోన్ అనే ఫ్రెంచి సన్యాసి, పాత పత్రాల్లో ఏది అసలుదో ఏది దొంగదో తేల్చే పద్ధతి గురించి ఒక గ్రంథం రాశాడు. ఆ శాస్త్రానికీ ఇదే పేరు. తాళపత్రంలాంటి పాత ప్రతిని ఒక్క అక్షరం మార్చకుండా, తప్పుల్తో సహా ఎత్తిరాస్తే పండితులు దాన్ని కూడా 'డిప్లొమాటిక్' ప్రతి అంటారు. చూశారా తమాషా! ఒకచోట మాట మార్చి చెప్పడం, ఇంకోచోట ఉన్నది ఉన్నట్టు రాయడం.

ఈ రెండూ కలిస్తేనే అసలైన నేర్పని నాకనిపిస్తుంది. పెళ్ళిచూపులకొచ్చి, పిల్ల నచ్చకపోయినా "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అని నవ్వుతూ వెళ్ళేవాళ్ళున్నారు. మా దూరపు చుట్టాలమ్మాయికి అలాగే జరిగింది. ఆ కబురు కోసం నాలుగు నెలలు చూశారు, మధ్యలో వచ్చిన ఇంకో సంబంధం వదులుకున్నారు. చివరికి వచ్చింది ఆ అబ్బాయి పెళ్ళి శుభలేఖ! "జాతకాలు కలవలేదండీ" అన్నా సరిపోయేది. అది నిజం కాకపోయినా, కాదన్న సంగతి తెలిసేది.

మన భారతంలో కృష్ణుడి రాయబారమే చూడండి. సభలో ఎంత మెత్తగా మొదలెట్టినా, అడిగినదాంట్లో దాపరికం లేదు. రాజ్యంలో పాలివ్వండి, కాదంటే అయిదూళ్ళైనా చాలు, అదీ కాదంటే యుద్ధం. దుర్యోధనుడు ఒప్పుకోలేదు గానీ, అర్థం కాలేదని మాత్రం అనలేడు.

ఇంకో సంగతి. ఈ 'డిప్లమాటిక్‌గా చెప్పు' అనే హితబోధ ఎప్పుడూ కోడలికో, ఆఫీసులో పనిచేసే ఆడపిల్లకో చేస్తారు గానీ, కంచం ముందు కూర్చుని "ఉప్పెక్కువైంది" అని అరిచే మగవాడికి ఎవరైనా చేయగా విన్నారా? 'ఇక నావల్ల కాదు' అన్న మాటని కూడా మెత్తగా చెప్పీ చెప్పీ, చివరికి అది ఎవరికీ వినపడకుండా చేసుకున్న ఆడవాళ్ళు మనలో ఎంతమంది లేరు?

మాటని మడత పెట్టండి, తప్పులేదు. కానీ అవతలివాళ్ళు విప్పి చూసుకున్నప్పుడు లోపల అక్షరాలుండాలి. ఏమంటారు?