దిల్‌సుఖ్‌నగర్ – ఎల్బీనగర్: కంచు పోత చూసిన దారి

విజయవాడ బస్సుల్లో వచ్చేవాళ్లకు హైదరాబాద్ ఎల్బీనగర్ దగ్గరే మొదలవుతుంది. తెల్లవారుజామున నిద్రకళ్లతో సంచులు దించుకునే జనం, ఆటోవాళ్ల కేకలు, బండి మీద ఇడ్లీ ఆవిరి. అక్కణ్నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, బట్టల దుకాణాలే.

సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, కొత్తపేట ఒకప్పుడు వేటికవే ఊళ్లు. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్బీనగర్ 2007లో మహానగరంలో కలిసింది. 2009 నవంబరు 29న కాసోజు శ్రీకాంతాచారి తెలంగాణ కోసం ఆత్మార్పణకు పూనుకున్నది ఈ కూడలిలోనే. డిసెంబరు 3న కన్నుమూశాడు. ఇక్కడి ఆయన విగ్రహం ముందు నిలబడితే, ఆ పేరు చివరి ‘చారి’ నాకు కొలిమిని గుర్తుచేస్తుంది. పేరు చివర ‘చారి’ పెట్టుకునే విశ్వబ్రాహ్మణుల అయిదు వృత్తుల్లో కంచరం, అంటే కంచు పని, ఒకటి.

అలాంటి కొలిమినే నాగోలు వైపు సందులో ఓ రేకుల షెడ్డులో చూశాను. ముందు ఇనుప చువ్వల మీద బంకమట్టితో బొమ్మ చేస్తారు. దాని అచ్చు తీసి, లోపల పలచగా మైనం పట్టిస్తారు. ఆ మైనపు ముఖం ముందు కూర్చున్న పెద్దాయన సన్నటి ఇనుప పుల్లను మంట మీద కాచి, కంటి కింది ముడతను దిద్దుతున్నాడు. “ఇక్కడ్నే దిద్దాలె సార్. కంచు అయినంక మన మాట వినదు” అన్నాడు. కిలో మైనానికి దగ్గర దగ్గర పది కిలోల కంచు పడుతుందట.

మైనానికి గొట్టాలు అతికి, మట్టిపూత పూసి కాలుస్తారు. మైనం కారిపోయి ఖాళీ మిగులుతుంది. రాగి 1085 డిగ్రీలకు గానీ కరగదు, తగరానికి 232 చాలు. రెండూ కలిసి కరిగిన కంచు ఎర్రటి పాకంలా ఊగుతుంది. అచ్చులో తడి ఉంటే లోహం ఎగజిమ్ముతుంది, ధార తెగితే అతుకు పడుతుంది. అందుకే పోసేటప్పుడు ఎవరూ మాట్లాడరు. నేనూ ఊపిరి బిగబట్టాను. చల్లారాక మట్టి పగలగొట్టి, ముక్కలు అతికి, ఆకురాయితో నునుపు చేసి, మందులతో రంగు తెప్పిస్తారు. చివర కాపుదలకు పూసేదీ మైనమే.

ఆదిలాబాద్‌లో ఓజా కళాకారులు చేసే డోక్రా లోహపు బొమ్మల పనిలోనూ ఇదే మైనం కిటుకు. ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నగరంలోని 125 అడుగుల అంబేద్కర్ విగ్రహానికి లోపల ఉక్కు, పైన కంచు. దాని శిల్పి రామ్ సుతార్ పేరు అందరికీ తెలుసు. కానీ కూడళ్లలో శిలాఫలకాల మీద ఆవిష్కర్తల పేర్లే కనిపిస్తాయి. పోత పోసినవాళ్ల పేర్లకూ అక్కడ ఒక వరుస ఉండాలి.

గురువారమైతే దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి కిటకిటలాడుతుంది. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామినీ చూడొచ్చు. 2018 నుంచి మెట్రో ఉంది: దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటగానే ఎల్బీనగర్. దిగాక ఏ కూడలిలో కంచు విగ్రహం కనిపించినా ఒక్క నిమిషం ఆగి, దాని కంటి కింది ముడతను చూడండి.