కుర్సీ ఎవరిది?

రంజాన్ నెల వస్తే చాలు, న్యూస్‌రూమ్‌లో అందరికీ నేను యాదికొస్తాను. హలీమ్ మీద ఒక స్టోరీ, లాడ్ బజార్ గాజుల మీద ఒక స్టోరీ. (హలీమ్ నాకు పెద్దగా ఇష్టం కూడా ఉండదు.) మిగతా పదకొండు నెలలు మన మొహల్లాల్లో ఏది ఖబర్, ఏది కాదు అన్న ఫైసలా వేరేవాళ్లదే. ఇరవై ఏళ్లు ఖామోష్‌గా రాసిచ్చాను.

అందుకే అమెరికా ‘బ్లాక్ జర్నల్’ కహానీ చదివినప్పుడు దిల్‌కి తగిలింది. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు. జూన్‌లో అక్కడి పబ్లిక్ టీవీ ఈ నెలవారీ ప్రోగ్రాం మొదలుపెట్టింది. నల్లవాళ్ల గురించి, నల్లవాళ్ల కోసం, నల్లవాళ్లే చేసేది అని ఎలాన్ చేశారు. తీరా చూస్తే పైన కూర్చున్న ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ తెల్లాయన! ఆయన మంచివాడే కావచ్చు, సవాల్ అది కాదు. ఇష్తెహార్ల కోసం కాదు, అవామ్ కోసం అని నడిచే టీవీలోనే ఇలాగైతే ఇంకెక్కడ ఇన్సాఫ్ అడగాలి?

ఆగస్టులో నల్ల సిబ్బంది పని ఆపేసి బయటికి నడిచారు. ఆ కుర్సీ అక్కడే పనిచేస్తున్న విలియం గ్రీవ్స్‌కి వచ్చింది. నల్ల కుర్రకారుకి కెమెరా పని, సౌండ్ పని నేర్పే వర్క్‌షాప్ కూడా పెట్టారు.

నేనెప్పుడూ అలా లేచి నడవలేదు. జీతం, పిల్లల ఫీజులు.

పోయిన రంజాన్‌లో, కొత్తగా చేరిన మన పిల్ల ఒకతె మీటింగ్‌లోనే అనేసింది: "హలీమ్ నేను రాయను సార్, కబ్రస్తాన్ జమీన్ల మీద రాస్తాను."

ఎడిటర్ నావైపు చూశాడు.

"రాయనివ్వండి" అన్నాను. గొంతు కొంచెం వణికింది.