అలబామా దారిలో మూడు ఉత్తరాలు

బర్కెన్‌హెడ్

నాన్నగారికి నమస్కారాలు.

లివర్‌పూల్‌లో ఫెర్రీ ఎక్కి మెర్సీ నది దాటుతుంటే అవతలి గట్టున లెయిర్డ్ వాళ్ల ఓడల కార్ఖానా కనబడింది. ఇప్పటికీ నడుస్తోంది. 1862లో ఇక్కడే 290 అనే నంబరుతో ఒక ఓడ కట్టారు. అమెరికాలో అంతర్యుద్ధం. దక్షిణాది దొరలకు పత్తీ, దాన్ని పండించే బానిసలూ ఉన్నారు గానీ నౌకాదళం లేదు. అందుకే చాటుగా ఇక్కడ కట్టించుకున్నారు.

ఉత్తరాది కాన్సుల్ డడ్లీ ఓడను ఆపించాలని సాక్ష్యాలు పోగుచేసి లండన్‌కు పంపాడు. సలహా చెప్పాల్సిన న్యాయాధికారి హార్డింగ్‌కు సరిగ్గా అప్పుడే మతి చలించింది. కాగితాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి. ఈలోగా జూలై 29న, ఇంజిను పరీక్ష అని చెప్పి, అతిథులను ఎక్కించుకుని ఓడ బయల్దేరింది. తర్వాత అతిథులను టగ్గులో వెనక్కి పంపి అది అటే పోయింది! అజోర్స్ దీవుల దగ్గర ఫిరంగులు ఎక్కించుకున్నాక దాని పేరు అలబామా.

మీరు అడుగుతారని ముందే చెబుతున్నా: ఆ యుద్ధంలో పత్తికి గిరాకీ పెరగబట్టే మన కాకినాడ రేవు ఊపందుకుంది. అది అలబామా చలవ మాత్రం కాదు. ఉత్తరాది వాళ్లు దక్షిణాది రేవులను దిగ్బంధించడం వల్ల.

షెర్బూర్

అలబామా కెప్టెన్ రాఫెల్ సెమ్స్ పద్ధతి ఇది: బ్రిటిష్ జెండానో మరోటో ఎగరేసి సరుకు ఓడ దగ్గరికి వెళ్లడం, చివరి నిమిషంలో అసలు జెండా ఎత్తడం, మనుషులను దించి ఓడను తగలబెట్టడం. బొగ్గు ఆదా చేయడానికి తెరచాపల మీద నడిచేవాడు; అప్పుడు ప్రొపెల్లర్‌ను పైకి లాగేసేవారు. సుమారు 65 ఓడలు చిక్కాయి. 1864 జనవరిలో మలబారు తీరంలో కూడా ఒకటి తగలబెట్టి, ఖైదీలను అంజెంగోలో దించాడు.

అదే ఏడు జూన్ 19న ఈ రేవు బయట కియర్‌సార్జ్ అనే ఉత్తరాది యుద్ధనౌక అలబామాను ముంచింది. గట్టున జనం నిలబడి చూశారు. అలబామాలోని తుపాకిమందు పాడైపోయి, సరైన చోట తగిలిన గుండు ఒకటి పేలనే లేదు. కియర్‌సార్జ్ పక్కలకు గొలుసులు వేలాడదీసి పలకలతో కప్పారని, అది మోసమని సెమ్స్ తర్వాత ఫిర్యాదు చేశాడు. రెండేళ్లు దొంగ జెండాలతో బతికిన మనిషి! ఒక ఇంగ్లిష్ విహారనౌక ఆయనను రక్షించి తీసుకుపోయింది. ఓడ మాత్రం 1984లో గాని దొరకలేదు, ఇంచుమించు 60 మీటర్ల లోతున.

జెనీవా

ఇక్కడి పురభవనంలో ఒక గదికి అలబామా పేరే పెట్టారు. 1872లో మధ్యవర్తులు అక్కడే కూర్చుని ఆ ఓడను పోనిచ్చినందుకు బ్రిటన్ అమెరికాకు 1.55 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పిచ్చారు. అలబామాతో పాటు మరి రెండు ఓడలు చేసిన నష్టానికీ కలిపి. అయితే భయపడిపోయి అమెరికా యజమానులు తమ ఓడలను బ్రిటిష్ వాళ్లకు అమ్ముకున్నారే, ఆ పరోక్ష నష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నన్నడిగితే అసలు దెబ్బ అదే: తగలబడిన వాటికంటే అమ్ముడుపోయినవే ఎక్కువ.

అమ్మకు చెప్పండి, చలి బాగా ఉంది గానీ స్వెట్టరు సరిపోతోంది.